కారం దోసె కోసం వెళ్తే ఇరుగుపొరుగు దొరికారు

నెల్లూరులో చింతారెడ్డిపాళెం వైపు మొన్నమొన్నటిదాకా వరి మళ్లున్న చోట ఇప్పుడన్నీ ప్లాట్లే. 2011 లెక్కలకే నగర జనాభా 5 లక్షలకు అటూ ఇటూ, ఊరు ఇంకా అంచులకు పాకుతూనే ఉంది. ఇల్లు మారి ఏడాదైనా పక్కింటాయన పేరు తెలియదు మాకు. వీధి చివర అక్క టిఫిన్ బండి పెట్టాకే తెలిసింది.

పెనం మీదే దోసెకు ఎర్రకారం పట్టించి, పైన పప్పులపొడి చల్లి ఇస్తుంది, అంచు కరకర, మధ్యలో మెత్తన. ఉన్నది ఒక్కటే బల్ల, కాబట్టి ఎవరైనా జరిగి చోటివ్వాల్సిందే. "ఏం అన్నా, మీకు నీళ్లొస్తున్నాయా" అని అక్కడ మొదలైన మాటే, మా బోరు మోటారు కాలిపోయిన రోజు నాలుగిళ్ల నుంచి బిందెలు తెచ్చిపెట్టింది.

తొమ్మిదికల్లా పల్లీ చట్నీ అయిపోతుంది, అదొక్కటే లోటు. ఇంకో బల్ల మాత్రం వేయొద్దక్కా.