మల్టీమీడియా, వెబ్ డిజైన్ కోర్సు: చదివిన చాలా ఏళ్లకు నా రివ్యూ

ఈ కోర్సు మీద కనిపించే రివ్యూలు ఎక్కువగా సెమిస్టర్ అయిన వారంలోనే రాసినవి. మార్కులు బాగా వస్తే బాగుందంటారు, రాకపోతే దండగంటారు. ఇక్కడ నేర్పే సాఫ్ట్‌వేర్లలో కొన్ని మనం డిగ్రీ పట్టా తీసుకునేలోపే పాతబడిపోతాయి కాబట్టి అప్పటి మాటకి పెద్ద విలువ లేదు. నేను కాలేజీలో మల్టీమీడియా ప్రెజెంటేషన్లు, వెబ్ డిజైన్ కలిపి ఒకే కోర్సుగా చదివాను. అప్పటినుంచి నా ఉద్యోగమంతా స్లయిడ్లు, వెబ్ పేజీలతోనే. అందరూ వెబ్ డిజైన్ కోసమే ఇందులో చేరతారు, నేనూ అంతే. తీరా చూస్తే ఇన్నేళ్లలో నాకు అన్నం పెట్టింది ప్రెజెంటేషన్ల సగమే.

ముందు వెబ్ సగం సంగతి. మా సిలబస్‌లో పెద్దపీట ఫ్లాష్‌ది, అంటే వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు చేసే అడోబీ సాఫ్ట్‌వేర్‌ది. టైమ్‌లైన్, కీఫ్రేములు (కదలిక మొదలయ్యే, మారే, ఆగే చోట్లు), ట్వీనింగ్ (వాటి మధ్య కదలికని సాఫ్ట్‌వేరే నింపడం), కాస్త యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్ కోడింగ్ భాష), బంతి ఎగిరి పడటం, బటన్ మీదకి మౌస్ వెళ్తే రంగు మారడం, ఇలా ల్యాబ్ గంటలు సగానికి పైగా దానికే పోయాయి. ఐఫోన్‌లో ఫ్లాష్ ఎందుకు పెట్టడం లేదో స్టీవ్ జాబ్స్ 2010లోనే బహిరంగ లేఖ రాశాడు, ఫ్లాష్ లేకుండానే వీడియో, కదిలే బొమ్మలు చూపించగల హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీలు రాసే భాషకి అప్పటి కొత్త వెర్షన్) 2014 అక్టోబరులో అధికారిక ప్రమాణం అయింది, సిలబస్ తయారుచేసిన వాళ్లకి మాత్రం ఈ కబురు అందినట్టు లేదు. చివరికి 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కి సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఫైళ్లు నడవకుండా కూడా చేసింది. నా ఫైనల్ ప్రాజెక్టు ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్) ఫైలు ఇంకా హార్డ్ డిస్కులో ఉంది. ఏ బ్రౌజరూ దాన్ని తెరవదు, పాత ఫ్లాష్ ఫైళ్లని నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ పెట్టుకుంటే తప్ప.

అయితే ఫ్లాష్ నేర్పడం పూర్తిగా వృథా అని మాత్రం అనను. కీఫ్రేమ్ అనే ఆలోచన బతికే ఉంది. వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలోని యానిమేషన్‌లో అదే పేరుతో ఉంది, ఏ వీడియో ఎడిటర్ తెరిచినా కనిపిస్తుంది. మొదట మెల్లగా కదిలి, మధ్యలో వేగం అందుకుని, చివర్లో నెమ్మదిస్తే కదలిక సహజంగా అనిపిస్తుందని అక్కడే అర్థమైంది. దానికి అన్ని వారాలు అక్కర్లేదు, నాలుగు క్లాసులు చాలు.

లేఅవుట్ అంటే మాకు టేబుల్సే. పేజీ మొత్తాన్ని టేబుల్‌గా కోసి గడుల్లో బొమ్మలు పెట్టడం, ఆ తర్వాత ఫ్రేములు (ఒకే విండోలో వేరే వేరే పేజీలు చూపించడం), చివర్లో ఫ్లోట్ (బొమ్మనో డబ్బానో ఒక పక్కకి జరిపే సీఎస్ఎస్ పద్ధతి) గురించి ఒక క్లాసు. హెచ్‌టీఎంఎల్5 ఫ్రేముల్ని అధికారికంగా పక్కన పెట్టేసింది, మా పరీక్షలో మాత్రం ఫ్రేమ్‌సెట్ మీద ప్రశ్న తప్పకుండా ఉండేది. ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ 2010లో "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అన్న మాట వాడుకలోకి తెచ్చాడు, అంటే స్క్రీన్ ఎంత ఉంటే పేజీ అంతకి సర్దుకోవడం. మా ల్యాబ్‌లో అందరం 960 పిక్సెల్స్ వెడల్పు ఫిక్స్ చేసుకుని అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లం. ఇప్పటి లేఅవుట్ పద్ధతులైన ఫ్లెక్స్‌బాక్స్, 2017లో పెద్ద బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చిన గ్రిడ్, రెండూ తర్వాత నేను సొంతంగా నేర్చుకున్నవే. జావాస్క్రిప్ట్ అయితే ఒక అలర్ట్ బాక్సు, ఒక ఫారమ్ చెకింగు, అంతే. డొమైన్, హోస్టింగ్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే టూల్), బ్రౌజర్‌లో ఉండే డెవలపర్ టూల్స్, వీటి ఊసే లేదు.

వెబ్ సగంలో నిజంగా పనికొచ్చినవి రెండే. మొదటిది, ల్యాబ్‌లో చెప్పిన మేడమ్ మొదటి కొన్ని వారాలు కోడ్ తనే రాసిపెట్టే డ్రీమ్‌వీవర్ ముట్టుకోనివ్వలేదు, నోట్‌ప్యాడ్‌లోనే రాయించింది. అప్పుడు తిట్టుకున్నాం (ఆవిడకీ తెలుసు). ఇప్పుడు ఏ టూల్ చేసిన పేజీ అయినా సోర్స్ తెరిచి ఎక్కడ విరిగిందో చూడగలుగుతున్నానంటే ఆ వారాల వల్లే. రెండోది, ఫైలు దారులు, పేర్లు. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోదు, లైనక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. కోడ్‌లో ఫైలు పేరు చిన్నక్షరాల్లో రాసి, ఫోల్డర్‌లో పెద్దక్షరాలతో ఉంటే నీ కంప్యూటర్‌లో బొమ్మ చక్కగా వస్తుంది, సర్వర్‌కి ఎక్కించగానే మాయమైపోతుంది. ఆవిడ కావాలనే ఒక రోజు అందరి పేజీలూ లైనక్స్ మెషీన్ మీద తెరిచి చూపించింది, క్లాసులో సగం మంది బొమ్మలు గల్లంతు. కోర్సు మొత్తంలో మంచి క్లాసు ఏదంటే అదే చెబుతాను. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా "నా దగ్గర బాగానే వస్తోందే" అంటే నేను ముందు చూసేది ఫైలు పేరే.

ఇక ప్రెజెంటేషన్ల సగం. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు, పవర్‌పాయింట్ కూడా ఒక సబ్జెక్టేనా అని నవ్వుకున్నాం. మొదటి పని స్టోరీబోర్డు. కంప్యూటర్ తెరవకుండా కాగితం మీద డబ్బాలు గీసి, ఒక్కో డబ్బాలో ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఎంతసేపు ఉంటుంది అని రాయాలి. అది సంతకం అయితేనే ల్యాబ్‌లోకి. విసుగ్గా ఉండేది. ఉద్యోగంలో చేరాక చూస్తే, నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి మొదలుపెట్టిన వాళ్లంతా రంగులూ టెంప్లేట్లూ మారుస్తూ రోజులు గడిపేస్తున్నారు, చెప్పాల్సిన విషయం మాత్రం ఏడో స్లయిడ్ దాకా రాదు. నేను ఇప్పటికీ కాగితంతోనే మొదలుపెడతాను.

ఇంకోటి, స్లయిడ్ మీద ఉన్న వాక్యాలనే గొంతుతో చదవొద్దన్న పాఠం. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మల్టీమీడియాతో మనుషులు ఎలా నేర్చుకుంటారన్న దాని మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. బొమ్మ, మాట కలిస్తే బాగా ఎక్కుతుందనీ, బొమ్మ, మాటతోపాటు అదే మాట అక్షరాల్లో కూడా పెడితే తరచూ ఇబ్బందే అవుతుందనీ తేల్చాడు. అక్షరాలూ బొమ్మా రెండిటికీ ఒకే కళ్లు కావాలి కదా. అలాగని సబ్‌టైటిల్స్ వద్దని కాదు, వినపడని వాళ్లకీ, ఆ భాష కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లకీ అవి తప్పనిసరి. మా దగ్గర ఈ పాఠం చెప్పిన సారే స్లయిడ్ చూసి చదివేవారు, అది వేరే సంగతి.

రంగుల విషయం పైపైన చెప్పారు. ముదురు నీలం మీద ఎరుపు అక్షరాలు వద్దు అన్నారు, ఎందుకో చెప్పలేదు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో మామూలు సైజు అక్షరాలకి వెనుక రంగుతో కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1 ఉండాలని స్పష్టంగా ఉంది. ఈ లెక్క స్లయిడ్లకీ పెట్టుకోవచ్చు, ప్రొజెక్టర్ మీద రంగులు మరింత వెలిసిపోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే పెట్టుకోవాలి. ఒక క్లాసులో అయిపోయే విషయం, సిలబస్‌లో లేదు.

కోర్సు అసలు తాకనే తాకనిది తెలుగు. అన్ని భాషల అక్షరాలకీ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది. అయినా ల్యాబ్‌లో తెలుగు స్లయిడ్ చేయాలంటే యూనికోడ్ కాని పాత డీటీపీ (ప్రింటింగ్ పేజీలు కూర్చే) ఫాంటే ఇచ్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. వెబ్‌లో అయితే ఇంకో తలనొప్పి, ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) తెలుగుకి చాలదు. కింది వత్తులు వెళ్లి తర్వాతి లైను గుడుల మీద పడతాయి, బటన్లలో అయితే వత్తు సగానికి తెగిపోతుంది. నేను అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్ల మధ్య పెడతాను, ఫాంటుని బట్టి మారుతుంది. తెలుగులో డిజైన్ చేసే వాళ్లు ఇంత మంది ఉండగా ఇది ఏ పాఠంలోనూ ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

పరీక్షల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. మల్టీమీడియాలోని ఐదు అంశాలు రాయుము, కాగితం మీద ట్యాగులు రాయుము. ప్రాజెక్టు మార్కులు ఎన్ని ఎఫెక్టులుంటే అన్ని. గ్రూపు ప్రాజెక్టు అంటే ఒకరి పని, మిగతావాళ్ల సంతకాలు.

చేరాలా వద్దా అని అడిగితే, సిలబస్ కాగితం చూసి నిర్ణయించుకోవద్దు. పోయిన బ్యాచ్ ప్రాజెక్టుల లింకులు అడుగు. లింకులు లేవు, పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి అంటే పేజీని సర్వర్ ఎక్కించడం అక్కడ నేర్పడం లేదని అర్థం. ఉంటే ఫోన్‌లో తెరిచి చూడు, పక్కకి జరపకుండా చదవగలిగితే ఫర్వాలేదు. స్టోరీబోర్డు చేయిస్తారా అని కూడా అడుగు. చేయిస్తే మిగతా సిలబస్ పాతదైనా చేరిపో, కొత్త టూల్స్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.