సోనోమా, మెండోసినో తీరంలో డైవింగ్: ఏ బీచ్‌లో దిగాలి, ఎక్కడ ఉండాలి

మా ఫ్రీమాంట్ మిత్రుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు "అబలోనీ పట్టుకోవడానికి వెళ్దామా?" అంటుంటారు. ఆ సరదా తీరే దారి లేదు. ఉత్తర కాలిఫోర్నియాలో ఈ పెద్ద సముద్రపు నత్తల వేటను 2018 నుంచి ఆపేశారు. వేట ఉన్న రోజుల్లోనూ గాలి సిలిండర్‌తో దిగనిచ్చేవారు కాదు. ఊపిరి బిగబట్టి మునగాలి, చిప్ప 7 అంగుళాలు ఉంటేనే తీయాలి, రోజుకు 3 దాటకూడదు. కాబట్టి మేం వెళ్లింది చూడ్డానికే.

ఒడ్డు నుంచి దిగే డైవింగ్‌లో నీళ్ల కింద ఏముందన్నది తర్వాతి సంగతి. కారు నుంచి నీళ్ల దాకా దారి ఎలా ఉందన్నదే అసలు లెక్క. చలి ఆపే మందపాటి రబ్బరు సూటు (వెట్‌సూట్) వేసుకుని, నడుముకు బరువుల బెల్టు కట్టుకుని గట్టు ఎక్కి దిగితే తెలుస్తుంది.

ఆ లెక్కన నా ఓటు లిటిల్ రివర్ దగ్గరి వాన్ డామ్ స్టేట్ పార్క్‌కే. హైవే 1 పక్కనే బీచ్, పక్కనే పార్కింగ్. నాలుగు అడుగులేస్తే నీళ్లు. కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. నీళ్లలో దిగనివాళ్లకు కయాక్‌లు ఉన్నాయి.

సాల్ట్ పాయింట్‌లోని గర్‌స్టెల్ కోవ్ అనే చిన్న అఖాతం అందంలో దీన్ని మించింది. గాలికీ ఉప్పుకీ తొర్రలు పడ్డ ఇసుకరాళ్ల కోసమైనా చూడాలి. కానీ నీళ్లలోకి బండల మీదుగా దిగాలి, అల కాస్త పెద్దదైతే వాటి మీదే పడేస్తుంది. కోవ్‌లో కొంత భాగం రిజర్వ్, అక్కడ ఏ జీవినీ తీయకూడదు. లోపల చూస్తే బాధేసింది. బండల నిండా నేరేడు పళ్లు ఆరబోసినట్టు ఊదారంగు సీ అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లుండే బంతుల్లాంటి జీవులు. 2013లో వచ్చిన రోగానికి వాటిని తినే సన్‌ఫ్లవర్ స్టార్లు అనే నక్షత్ర చేపలు చచ్చిపోయాయి, 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కింది. ఆపైన అర్చిన్లు పెరిగి కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు అడవిని నమిలేశాయి. ఈ తీరంలో 90 శాతానికి పైగా కెల్ప్ పోయింది. దాన్నే తినే అబలోనీలు ఆకలితో చచ్చాయి. ఒక పగులులో రెండు మూడు కనిపించాయి, అంతే.

స్టిల్‌వాటర్ కోవ్ పేరుకు తగ్గట్టు కొంచెం నెమ్మదైన చోటు. అయితే హైవే దాటి మెట్లు దిగాలి, తిరిగొచ్చేటప్పుడు ఆ మెట్లే నరకం. సీ రాంచ్ అనే ప్రైవేటు కాలనీలో ఇళ్ల మధ్య నుంచి వెళ్లే పబ్లిక్ దారులు, తీరాన్ని చూసుకునే రాష్ట్ర సంస్థ కోస్టల్ కమిషన్‌తో ఏళ్ల తరబడి గొడవ నడిచాక వచ్చాయి. బ్లాక్ పాయింట్, షెల్ బీచ్ నడకకు బాగుంటాయి, సామాను మోసుకుని డైవింగ్‌కి మాత్రం వద్దు.

ఇక బస. గ్వాలాలాలో దిగిన మోటెల్ పేరు చెప్పను గానీ, చలికి వణుకుతూ వస్తే షవర్‌లో వేడినీళ్లు రెండు నిమిషాలే. అడిగితే "పైన ట్యాంకు చిన్నది" అన్నారు. సముద్రపు నీళ్లు ఎండాకాలంలోనూ 10 నుంచి 13 డిగ్రీలు ఉండే చోట ఇది చిన్న విషయం కాదు. సాల్ట్ పాయింట్ క్యాంపులో అసలు షవర్లే లేవు, వాన్ డామ్ క్యాంపులో ఉన్నాయి. అందుకే మళ్లీ వెళ్తే అక్కడే. వేసవి వారాంతాలకు 6 నెలల ముందే బుకింగ్ తెరిచిన రోజు పట్టుకోవాలి.

దారిలో సిగ్నల్ ఉండదు, పెట్రోల్ బంకులు దూరం దూరంగా ఉంటాయి. మ్యాప్ దించుకుని, ట్యాంకు నింపుకుని, పులిహోర కట్టుకుని బయల్దేరండి. ముందురోజు అలల సూచన చూడండి. అలలు పెద్దవని ఉంటే వెట్‌సూట్ డిక్కీలోనే వదిలేసి, 1812లో రష్యన్లు కట్టిన ఫోర్ట్ రాస్ కోట చూసి రండి.