డోవరా, సెవెన్ సిస్టర్సా? ఒక్కరోజే చేతిలో ఉంటే ఏది మేలు?

పోయినేడు వేసవిలో మా పిన్ని లండన్ వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "ఈ డోవర్ ఒక్కటి చూపించరా నాన్నా, చాలు" అంది. డోవర్ అంటే ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన, సముద్రపుటొడ్డున నిట్టనిలువుగా నిలిచిన తెల్ల కొండలకు పేరుపడ్డ ఊరు. చూస్తే ఆ ఫొటోలో ఉన్నది డోవర్ కాదు. అక్కడికి పడమరగా, వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో, ససెక్స్ తీరాన ఉన్న సెవెన్ సిస్టర్స్ అనే తెల్ల కొండల వరస. పిన్ని తప్పేం లేదు. సినిమావాళ్లే డోవర్ అని చూపించడానికి ఇక్కడికొచ్చి కెమెరా పెడుతుంటారు. డోవర్ కంటే ఇవే తెల్లగా ఉంటాయి మరి.

ఎందుకు తెల్లగా ఉంటాయో తెలిస్తే ఏది చూడాలో సగం తేలిపోతుంది. రెండు చోట్లా రాయి ఒకటే, మన పాతవాళ్లు సీమసుద్ద అన్నది. కోట్ల ఏళ్ల కిందట, రాక్షసబల్లుల కాలంలో, సముద్రంలో తేలిన కంటికి ఆనని నాచు జీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని రాయయ్యాయి. మధ్యమధ్య నల్లటి చెకుముకి రాళ్ల వరసలు. గోటితో గీకితే పొడి రాలుతుంది, అంత మెత్తన. వాన నీళ్లు బీటల్లోకి దిగుతాయి, చలికాలం గడ్డకట్టి బీటను ఇంకాస్త విడదీస్తాయి, కింద అల పునాదిని తొలుస్తుంది. ఏదో ఒకరోజు పైనుంచి కిందిదాకా ఒక పలక ఊడిపడుతుంది. అప్పుడు బయటపడే కొత్త ముఖమే మనం ఫొటో తీసుకునే తెలుపు. కూలడం ఆగిందా, నాచూ గడ్డీ పట్టి బూడిదరంగులోకి దిగిపోతుంది.

డోవర్‌లో చాలా మేర జరిగింది అదే. 1909 నాటికి హార్బర్ గోడలు పూర్తయ్యాయి. వాటి చాటున ఉన్న కొండకు అల దెబ్బ తగలదు. ఇంకాస్త పడమరన, ఫ్రాన్స్‌కి సముద్రం కింద వేసిన రైలు సొరంగం తవ్విన మట్టిని కొండ కింద పోసి సామ్‌ఫైర్ హో అనే కొత్త నేలనే చేశారు. హార్బర్ దాటి తూర్పుకి, లాంగ్డన్ వైపు నడిస్తే అసలు తెలుపు కనిపిస్తుంది. అక్కడ కూలుతుంది కూడా, 2012లో పెద్ద చరియే పడింది.

అందంలో ఒక మెట్టు తక్కువేమో గానీ డోవర్‌లో కథలు ఎక్కువ. అవతలి ఫ్రాన్స్ 33 కిలోమీటర్లే. మబ్బు లేని రోజు ఆ గట్టు కంటికే కనిపిస్తుంది. పక్కనే సెయింట్ మార్గరెట్స్ బే దగ్గర నా ఫోన్ ఫ్రెంచి నెట్‌వర్క్ పట్టుకుని గంట ముందుకు దూకింది. బస్ పోయిందనుకుని పరిగెత్తాను కూడా. సౌత్ ఫోర్‌లాండ్ లైట్‌హౌస్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య మార్కోని 1899లో వైర్‌లెస్ కబురు నడిపాడు. డోవర్ కోట కింది సొరంగాల్లో కూర్చునే, రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఫ్రాన్స్ తీరాన ఉన్న డంకర్క్ నుంచి మూడు లక్షల పైచిలుకు సైనికుల్ని వెనక్కి తెచ్చే పథకం నడిపారు. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లతో వెళ్తే ఇంకో మాట లేదు, డోవరే. సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే గంట పైచిలుకులో దింపుతుంది.

ఇక అక్కచెల్లెళ్లు. మన గ్రామదేవతల్లాగే వీళ్లూ ఏడుగురని లెక్క, ఎనిమిదో చిన్న మిట్టని ఎవరూ లెక్కలో వేసుకోరు. కక్‌మియర్ నది సముద్రంలో కలిసేచోట మొదలై బర్లింగ్ గ్యాప్ దాకా ఎగుడుదిగుడుగా సాగుతారు. ఇంకా తూర్పుకి పోతే బీచీ హెడ్, 162 మీటర్లు. దేశంలో ఇంతకన్నా ఎత్తయిన సుద్ద కొండ సముద్రపుటొడ్డున లేదు. ఇక్కడ అలకు ఎవరూ అడ్డుకట్ట కట్టరు. వదిలేయడమే విధానం.

వదిలేయడమంటే ఏమిటో బర్లింగ్ గ్యాప్‌లో కళ్లెదుటే ఉంటుంది. తీరం కాపలావాళ్ల కోసం కట్టిన ఇళ్ల వరస, అంచు దగ్గరికొచ్చిన కొద్దీ ఒక్కోటి కూల్చుకుంటూ వస్తున్నారు. 2014లో వరస తుఫాన్ల తర్వాత ఇంకొకటి పోయింది. దగ్గర్లోని బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్‌ని 1999లో జాకీల మీద ఎత్తి, ఉన్నది ఉన్నట్టుగా 17 మీటర్లు వెనక్కి జరిపారు. ఆ ఇళ్ల ముందు నిలబడితే నాకు ఉప్పాడ గుర్తొచ్చింది. అక్కడ ఇల్లు పోతే బతుకుతెరువే కదులుతుంది కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టలేను.

మరి గోడ కట్టేస్తే పోదా? కట్టిన చోటూ ఉంది. బ్రైటన్ పక్కన కొండ కింద 1930ల్లో కాంక్రీటు గోడా, దాని మీద నడకదారీ వేశారు. పిల్లల బండి తోసుకుంటూ హాయిగా నడవొచ్చు, నేను చాలాసార్లు నడిచాను. కానీ ఆ కొండని చూడ్డానికి లండన్ నుంచి ఎవరూ రారు. పైగా ఒకచోట గోడలూ గట్లూ కడితే తీరం వెంట జరిగే గులకరాళ్లు ముందుకు సాగవు. ఆ గులకరాళ్లే అల దెబ్బ కాసే దిండు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒడ్డు రాతిలో పేరుకున్న బెరీలియం-10ని (రాయి ఆకాశం కింద బయటపడి ఎన్నాళ్లయితే అంత పోగయ్యే పదార్థం) కొలిచి చూస్తే, వేల ఏళ్లపాటు ఈ కొండలు ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్లే వెనక్కి తగ్గాయని తేలింది. గత 150 ఏళ్లలో అది 22 నుంచి 32 సెంటీమీటర్లకు చేరింది. బీచ్ పలచబడటమే ముఖ్య కారణమని వాళ్ల అంచనా. అంటే ఈ తెలుపులో కొంత మన చేతి చలవే.

ఒక్కరోజే ఉంటే నా ఓటు సెవెన్ సిస్టర్స్‌కే. మోకాళ్లు బాగుంటే సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బర్న్ దాకా 22 కిలోమీటర్లు నడవండి. వానపడితే మాత్రం వద్దు. తడి సుద్ద సబ్బులా జారుతుంది, బూట్లకి దోసెల పిండిలా అంటుకుని ఎండాక గానీ రాలదు. అంచు నుంచి కనీసం 5 మీటర్లు ఎడంగా ఉండండి. మీ కాళ్ల కింద గడ్డి ఉన్నంత మాత్రాన దాని కింద రాయి ఉన్నట్టు కాదు. ఒడ్డుకి దిగితే ఆటుపోట్ల వేళలు చూసుకునే దిగండి, కొండకి ఆనుకుని భోజనాలకి కూర్చోకండి.

పిన్నికి మోకాళ్లు బాగోవు. సీఫర్డ్ స్టేషన్‌లో టాక్సీ ఎక్కి సౌత్ హిల్ బార్న్ కారు పార్కింగ్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మెల్లగా నడిచాం. మలుపు తిరగ్గానే ఏడుగురూ ఒక్కసారే కనిపిస్తారు, ముందు కక్‌మియర్ దగ్గరి పాత తీర కాపలా ఇళ్లు, అచ్చం ఆవిడ ఫోన్‌లో ఉన్నట్టే. ఇది డోవర్ కాదు పిన్నీ అని దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను. సాయంత్రం రైల్లో వాట్సాప్ తెరిచి చూస్తే ఆవిడ స్టేటస్: "డోవర్‌లో నేనూ, మా అబ్బాయీ."