డబ్బా తడవలేదు, హాల్లో అడాప్టర్ తడిసింది

మా రొయ్యల చెరువులు ఇంటికి కిలోమీటరు పైచిలుకు దూరం. అక్కడ ఫోన్‌లో ఒక గీత సిగ్నల్ వస్తే గొప్ప. అందుకని 2022లో డాబా మీద ఒకటి, చెరువు గట్టున పాతిన పైపుకి ఒకటి, 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత, అంటే తీగ లేకుండా ఎదురెదురుగా నెట్ అందించుకునే రెండు డబ్బాలు పెట్టించాను. ఇంటి ఫైబర్ నెట్ అక్కడి కెమెరాలకు అందుతోంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గట్టు మీది పైపు ఓ పక్కకు ఒరిగింది. నిలబెట్టి కాస్త అటూ ఇటూ తిప్పగానే లింకు వచ్చేసింది. ఇక నేను ఆగలేదు, కనపడ్డవాళ్లందరికీ ‘వానకి టెన్షన్ లేదు, కొనుక్కోండి’ అని చెప్పేశాను.

నిరుడు వానల్లో తెలిసింది సంగతి. జల్లు పడ్డ పూట కెమెరా బొమ్మ ఆగిపోయేది, ఎండ కాస్తే మళ్లీ మామూలే. 100 ఎంబీపీఎస్ రావాల్సిన పోర్టు 10కి పడిపోయేది. చానల్ మార్చాను, రీసెట్ కొట్టాను, నిచ్చెనెక్కి డబ్బా కింది మూత తీసి చూశాను. లోపల పొడిగా ఉంది. రెండు వారాలు ఇదే పని. డాబా మీది డబ్బాకి నెట్ తీగలోనే కరెంటు పంపే పవర్ అడాప్టర్ హాల్లో టీవీ వెనక ఉంది. చివరికి దాన్ని పైకి తీస్తే చేతికి తడి తగిలింది! గోడకి చెమ్మ లేదు, స్లాబు కారడం లేదు. అందులోంచి నెట్ కేబుల్ ప్లగ్గు పీకితే దాని కొసన నీటి చుక్క, లోపలి పిన్నులకు పచ్చగా చిలుము.

పిట్టగోడ దగ్గర ప్లాస్టిక్ టై బిగించిన చోట కేబుల్ తొడుగు ఎండకు పగిలింది. అక్కడ దిగిన నీళ్లు తొడుగు లోపలే గొట్టంలో పారినట్టు పారి ఇంట్లోకి వచ్చాయి. అదే తీగలో డబ్బాకి కరెంటు కూడా వెళ్తుంది కదా, తడిసిన పిన్నులను అది ఇంకా త్వరగా తినేస్తుంది. డబ్బా మీద రాసిన ఐపీ65, అంటే దుమ్ముకీ నీటి జల్లుకీ ఆగుతుందన్న గుర్తు, డబ్బాకే, తీగకి కాదు.

తప్పు నాదే. నాలుగు డబ్బులు మిగులుతాయని ఇంట్లో వాడే కేబులే లాగించాను. బిగించినతను కూడా "ఏం కాదన్నా" అన్నాడు. పైగా అతను చెరువు వైపు డబ్బా అడుగునున్న సన్న రంధ్రాన్ని సిలికాన్‌తో పూడ్చాడు. లోపల పట్టిన చెమ్మ బయటికి పోవడానికే అది ఉంది. సూదితో తెరిచాను.

ఇప్పుడు ఇంటి వైపు ఎండకు ఆగే నల్ల తొడుగున్న రాగి కేబుల్ వేశాను. గోడలోకి వెళ్లే ముందు దాన్ని కిందికి వేలాడేలా వంచి, ఆ వంపు దగ్గరే నీళ్లు కారిపోయేలా పెట్టాను. గోడ రంధ్రాన్నీ బయటివైపు కిందికి వాలేలా వేయించాను. ఈ వానలకు ఒక్కసారీ ఆగలేదు.

కొనమంటారా అంటే, మాకు మధ్యలో చెట్లు లేవు, చూపు ఆనినంత మేర నీళ్లే. మీకు కొబ్బరితోట అడ్డముంటే నా మాట పట్టుకుని కొనకండి. ఉప్పుగాలికి బిగింపు బోల్టులు తుప్పు పట్టాయి కూడా. చెరువు వైపు కేబుల్ ఇంకా పాతదే ఉంది. రొయ్యల పట్టుబడి అయ్యాక మార్చాలి.