కొలాస్టమీ టూపీస్ బ్యాగు: సీమ ఎండల్లో ఏళ్ల వాడకం తర్వాత

ముందే తేల్చి చెప్తాను. పెద్దపేగు చివర క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, మలద్వారం మూసేసి, పొట్టకు ఎడమపక్క మలం బయటికి రావడానికి శాశ్వతంగా దారి (కొలాస్టమీ) పెట్టినవాళ్లకు, ఆ మలాన్ని పట్టే బ్యాగు ఏ కంపెనీది అన్నది తర్వాతి సంగతి. బ్యాగును చర్మానికి అంటించే ప్లేటుకు కోసే రంధ్రం కొలత, ప్లేటు కింద చర్మం పొడిగా ఉండటం, ఈ రెండూ కుదిరితే మామూలు రకం కూడా నిలబడుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనదైనా కారుతుంది. కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో ఇది ఇంకా నిజం.

నేను వాడేది టూపీస్. చర్మానికి అంటుకునే ప్లేటు వేరు, దాని రింగుకు తగిలించే సంచి వేరు. వన్‌పీస్‌లో రెండూ కలిసే ఉంటాయి. అది పలచగా, మెత్తగా ఉండి బట్టల కింద కనపడదు, వంగినా పొడుచుకోదు. కానీ సంచి మార్చాలంటే ప్రతిసారీ చర్మం నుంచి పీకాల్సిందే. చెమటకు నానిన చర్మం ఆ పీకుడు తట్టుకోలేదు. టూపీస్‌లో ప్లేటు మూడు నాలుగు రోజులు అలాగే ఉంటుంది, సంచి మాత్రం ఎన్నిసార్లయినా తీసి పెట్టుకోవచ్చు. మన వాతావరణానికి నా ఓటు దీనికే. లోటు ఒకటుంది. ప్లాస్టిక్ రింగు గట్టిది, నేలమీద కూర్చొని ముందుకు వంగితే పొట్ట మడతలో ఒత్తుతుంది. రోజంతా కింద కూర్చొని పని చేసేవాళ్లు వన్‌పీస్ కూడా ఒకసారి పెట్టి చూడటం మంచిది.

ఇక కొలత. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా, అంటే పొట్ట మీద బయటికి కనిపించే పేగు మూతి, వాచి ఉంటుంది. 6 నుంచి 8 వారాల్లో తగ్గుతూ వస్తుంది. ఆసుపత్రిలో చెప్పిన సైజునే నెలల తరబడి కోసుకుంటూ పోతే చర్మం పుండవుతుంది. కాబట్టి ఆ 8 వారాలూ వారానికోసారి కొలవాలి. పెట్టెలో గుండ్రటి రంధ్రాల అట్ట వస్తుంది. అది స్టోమా చుట్టూ పెట్టి చూసి, స్టోమా కంటే 2, 3 మి.మీ. ఎక్కువ ఉండేలా ప్లేటు కోయాలి. అంతకు మించి వదులైతే ఆ సందులో మలం చేరి చర్మాన్ని తినేస్తుంది. బిగుతైతే ప్లేటు అంచు స్టోమాను ఒరుసుకుని రక్తం వస్తుంది, స్టోమా ఉబ్బినప్పుడల్లా ప్లేటు పైకి లేస్తుంది.

స్టోమా గుండ్రంగా లేనివాళ్లు పలచటి ప్లాస్టిక్ కవరు మీద పెన్నుతో ఆకారం గీసుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ గీతను ప్లేటు వెనక కాగితం మీదికి దించేటప్పుడు కవరును తిరగేసి పెట్టాలి, లేకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. వంపు కత్తెరతో కోశాక అంచును వేలితో చుట్టూ రుద్ది నున్నగా చేయండి. కత్తెర వదిలిన కొన ఎంత చిన్నదైనా స్టోమాను గీరుతుంది. స్టోమాకు నొప్పి తెలిసే నరాలు లేవు. కోసుకుపోయినా తెలియదు, కళ్లతో చూసుకోవాల్సిందే.

మార్చడానికి పొద్దున్నే, కాఫీ టిఫిన్‌లకు ముందు సమయం మేలు. అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది. ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని, పాత ప్లేటును పైనుంచి కిందికి నిదానంగా ఒలవాలి. తీసిన ప్లేటును వెంటనే పారేయకండి, వెనక్కి తిప్పి చూడండి. జిగురు ఏ పక్క తెల్లగా నానిందో, మలం ఎటు పాకిందో దాని మీదే కనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే పక్క అయితే అక్కడ చర్మంలో మడతో గుంతో ఉన్నట్టు. చుట్టూ ఒకేలా నానిపోతే ఎక్కువ రోజులు ఉంచేసినట్టు. కారడానికి కారణం తెలుసుకోవడానికి దీనికి మించిన పరీక్ష లేదు.

కడగడానికి గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. డెటాల్, స్పిరిట్, నూనె, టాల్కం పౌడరు ఏవీ వద్దు. కొన్ని మంట పెడతాయి, కొన్ని జిగురును అంటుకోనివ్వవు. తుడిచేటప్పుడు స్టోమా మీద చుక్క రక్తం కనపడితే కంగారు పడక్కర్లేదు, కాసేపు అదిమితే ఆగిపోతుంది. తర్వాత ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనివ్వండి. వేసవిలో స్నానం చేసి వచ్చిన వెంటనే అంటిస్తే అప్పుడే పట్టే చెమటకు ప్లేటు సాయంత్రానికే లేస్తుంది. అంటించాక అరచేత్తో రెండు నిమిషాలు అదిమి ఉంచాలి, ఒంటి వేడికే జిగురు పట్టు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఓ పావుగంట వంగకుండా ఉంటే ఇంకా మంచిది.

సంచిని రింగుకు తగిలించేటప్పుడు కింది భాగం ముందు నొక్కి, రెండు వేళ్లతో చుట్టూ పైకి పోవాలి. టక్కుమన్న చప్పుడుతో సరిపెట్టుకోవద్దు. కిందికి మెల్లగా లాగి చూడండి. రింగుకు పైన పట్టి కింద పట్టకపోతే పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి పక్కకు తిరిగి పడుకున్నాక ఊడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిందంటే ప్లేటు రెండు మూడు రోజులకే అంచుల్లో ముడుచుకుంటుంది. అది నాసిరకం అనుకోకండి, ఆ జిగురు స్వభావమే అంత: తేమను పీల్చుకుంటుంది, పీల్చుకుని పీల్చుకుని కరుగుతుంది. వేసవికి ప్లేట్ల లెక్క పెంచి కొనిపెట్టుకోవాలి. మామూలు నెలకు 8 నుంచి 10 సరిపోతే, వేసవిలో 12 నుంచి 15 పడతాయి. రేకుల ఇంట్లో అటక మీద, బండి డిక్కీలో పెట్టె ఉంచితే జిగురు వాడకముందే పాడవుతుంది. ఫ్రిజ్ కూడా వద్దు. ఎండ తగలని గోడపక్క, కింది అరలో పెట్టండి.

సంచి ప్లాస్టిక్ ఒంటికి ఆనే చోట చెమటకాయలు వస్తాయి. పాత నూలు పంచెతోనో చీరతోనో చిన్న గలీబు కుట్టి సంచికి తొడిగితే ఆ బాధ తగ్గుతుంది. మొలతాడు, లంగా బొందు, ప్యాంటు బెల్టు స్టోమా మీదుగా పోకూడదు. కాస్త పైకో కిందికో జరపాలి. లేదంటే మలం సంచిలోకి దిగక ప్లేటు కిందికి పాకుతుంది.

పక్క సరుకుల్లో పేస్టు అందరూ కొంటారు, దాన్ని జిగురు అనుకుని దట్టంగా పూస్తారు. అది మడతలు, గుంతలు పూడ్చడానికి మాత్రమే. ఎక్కువైతే ప్లేటు అంటుకోదు. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, ఒరిసిన చర్మం మీద భగ్గుమంటుంది. అలాంటివాళ్లకు వేళ్లతో సాగదీసి పెట్టుకునే మెత్తటి రింగు మేలు, ఖరీదెక్కువైనా. స్టోమా పౌడరు తడి ఊరే పుండు మీదే చల్లాలి, మిగిలింది దులిపేయాలి. బాగున్న చర్మానికి పౌడరు అవసరమే లేదు. స్టోమా చర్మంతో సమానంగానో లోపలికో ఉన్నవాళ్లకు ఉబ్బెత్తు ప్లేటు, దానికి బెల్టు పని చేస్తాయి, కానీ అది డాక్టరో నర్సో చూసి చెబితేనే వాడాలి.

సంచి మూడో వంతు, మరీ అయితే సగం నిండగానే ఖాళీ చేయాలి. లేదంటే ఆ బరువు ప్లేటును లాగేస్తుంది. నేలకు కూర్చునే లెట్రిన్‌లో వంగలేనివాళ్లు చిన్న స్టూలు వేసుకోవచ్చు. ముందు కాసిన్ని నీళ్లు పోస్తే చిందదు. సంచి మూతి అంచును బయటికి మడిచి పట్టుకుంటే అది ఖరాబు కాదు. వాడేసిన సంచిని, ప్లేటును లెట్రిన్‌లో వేయకండి, పైపు పూడుకుపోతుంది. పేపర్లో చుట్టి రెండు కవర్లలో కట్టి చెత్తలో వేయాలి. సంచి కడిగి ఆరబెట్టి మళ్లీ వాడమని కంపెనీలు చెప్పవు, మన ఊళ్లలో ఖర్చు చూసుకుని చాలామంది వాడతారు. వాడితే చన్నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. సంచికి ఉండే, గ్యాసును వాసన లేకుండా వదిలే ఫిల్టరు తడిస్తే మాత్రం ఇక వాసన ఆపదని గుర్తుంచుకోవాలి.

గట్టిగా వచ్చే మలం సంచిలో కిందికి దిగకుండా స్టోమా దగ్గరే పేరుకోవడం ఇంకో చిక్కు. తగిలించే ముందు సంచిలోకి కాస్త గాలి ఊది, లోపలి అడుగున రెండు మూడు చుక్కల నూనె రాస్తే జారుతుంది. రింగుకు, ప్లేటుకు నూనె తగలకూడదు.

తిండికి ఇది తినకూడదని శాశ్వత నిషేధాలేమీ లేవు. మొదటి 6, 8 వారాలు మెత్తటి అన్నం, మజ్జిగ, పలచటి పప్పు. తర్వాత సంగటి, జొన్నరొట్టె, ఉగ్గాని ఒక్కోటి కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఏది పడిందో చూసుకోవాలి. బుడ్డలు (వేరుశనగలు) మెత్తగా నమలాలి. అలసందలు, క్యాబేజీ, మిరపకాయ బజ్జీలోని శనగపిండి గ్యాసు చేస్తాయి. ఉల్లి, గుడ్డు వాసన పెంచుతాయి, మజ్జిగ తగ్గిస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మలబద్ధకం ఖాయం.

బ్యాగు గోలలో పడి కింది గాయాన్ని మరిచిపోతారు. మలద్వారం మూసిన చోట మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, రేడియేషన్ తీసుకున్నవాళ్లకు మరీను. కూర్చోడానికి మెత్తటి దిండు వాడండి. మధ్యలో రంధ్రం ఉండే రింగు దిండు కుట్ల మీద లాగుడు పెంచుతుంది, వద్దు. అక్కడేమీ లేకపోయినా మోషన్ వస్తున్నట్టు అనిపించడం మామూలే. బరువుల సంగతి గట్టిగా చెప్తున్నా: నిండు బిందె, 14.2 కిలోల గ్యాసుండే సిలిండరు, యూరియా బస్తా ఎత్తొద్దు. స్టోమా పక్కన పొట్ట గోడ బలహీనంగా ఉంటుంది, అక్కడ హెర్నియా వస్తే, అంటే లోపలి పేగు ఉబికి వస్తే, ఏ ప్లేటూ సరిగా కూర్చోదు. దగ్గినా తుమ్మినా అరచేత్తో స్టోమా చుట్టూ అదుముకోండి.

కొనేటప్పుడు పాత పెట్టె మీది కోడ్ నంబరు, రింగు సైజు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కోలోప్లాస్ట్, హోలిస్టర్, కన్వాటెక్ ఎవరి రింగు వారిది. సైజు అంకె కలిసినా ఒకరి సంచి ఇంకొకరి ప్లేటుకు పడదు. మన జిల్లా కేంద్రాల్లోని మందుల షాపుల్లో ప్లేటుంటే సంచి ఉండదు, సంచి ఉంటే సైజుండదు. కర్నూలు వాళ్లు హైదరాబాదు నుంచి, అనంతపురం వాళ్లు బెంగళూరు నుంచి తెప్పించుకోవచ్చు, కాకపోతే చివరి పెట్టె తెరిచిన రోజే ఆర్డరు చెప్పాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో ఆపరేషన్ అయితే, ఇంటికి ఎన్ని బ్యాగులు ఇస్తారో డిశ్చార్జ్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగండి.

స్టోమా నల్లగానో ముదురు ఊదాగానో మారినా, రక్తం లోపలి నుంచి వస్తున్నా, పేగు ఉన్నట్టుండి పొడుగ్గా బయటికి వచ్చినా, మోషన్, గ్యాసు రెండూ ఆగి పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా బ్యాగు మార్చి చూద్దామని ఇంట్లో ఆగొద్దు. రాత్రయినా సరే సర్జన్ ఉండే ఆసుపత్రికే పోవాలి.