అమ్మకానికి పెట్టిన ఇంటికి పండగ సింగారం: ఇల్లంతానా, గడప వరకేనా?

మా నాన్న కట్టిన ఇల్లు కడపలో ఎర్రముక్కపల్లి వైపు ఉంది. ఉత్తరం వాకిలి, కింద రెండు గదులు, మిద్దె మీద ఒకటి, నేలంతా నల్ల కడప బండలు, పెరట్లో ఒక మామిడి చెట్టు. అమ్మానాన్నలు పోయాక అక్క ప్రొద్దుటూరులో, నేను బెంగళూరులో. తాళం వేసిన ఇల్లు చెదలకు తప్ప ఎవరికీ పనికిరాదని అమ్మకానికి పెట్టాం. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి సింగారించి చూపించాం. మొదటిసారి ఇల్లంతా, రెండోసారి గడప వరకే.

ఏ పండగకు చూపించాలన్నది ముందు తేల్చుకోవాలి. దసరాకు ఉన్న బలం మంచిరోజుల బలం. మహాలయ పక్షాలు పోయి నవరాత్రులు మొదలయ్యాయంటే ఆగిపోయిన బేరాలు కదులుతాయి. విజయదశమి నాడు అడ్వాన్సు ఇవ్వడానికి చాలామంది వేరే ముహూర్తం కూడా అడగరు. దాని వెనకే దీపావళి, కార్తీకం. సంక్రాంతికి ఈ సుఖం లేదు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పడుతుంది. పండగేమో సాధారణంగా పుష్యంలో వస్తుంది, అది శూన్యమాసమని ఇళ్ళు, స్థలాలు కొనేవాళ్ళు వెనకాడతారు. చూడటం అప్పుడే చూస్తారు, డబ్బు మాత్రం మాఘంలో తీస్తారు. చేతిలో తొందర ఉన్నవాళ్ళకు ఆ ఆగడం టెన్షనే. (ఏ పండగైనా మంగళ, శుక్రవారాల్లో అడ్వాన్సు కోసం ఎదురుచూడకండి. మా వైపు శుక్రవారం పూట ఇంట్లో డబ్బు బయటికి తీయని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.)

ఇంతవరకు దసరాదే పైచేయి. కానీ కడపకు వాన రెండు దఫాలు. నైరుతి వెళ్ళిపోయాక అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు మళ్ళీ తడుపుతాయి. మేము నవరాత్రుల ముందు వారం లప్పం పెట్టించి రంగు వేయించాం. గోడ లోపలి తడి ఆరిందో లేదో ఎవరూ చూడలేదు. పండక్కి పని పూర్తి కావాలని మా తొందర, ఇంకో నాలుగు ఇళ్ళు ఒప్పుకున్నానని పెయింటర్ తొందర. దీపావళి నాటికి మిద్దె గది గోడ పొక్కింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన ఒకాయన ఆ పొక్కును గోటితో గిల్లాడు, అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది. ఆయన గోడను చూశాడు, కిటికీకి కట్టిన సీరియల్ బల్బులను చూశాడు, "ఇంకా ఏమేమి కప్పినారన్నా?" అన్నాడు. నిజానికి మేము కప్పింది ఏమీ లేదు. ఆ మాట తర్వాత నేను ఏది చెప్పినా కప్పినట్టే వినపడింది.

పాత రంగు మీద కొనేవాడికి కోపం రాదు, ఎలాగూ తనకు నచ్చిన రంగు వేయించుకుంటాడు. కొత్త రంగు కింద చెమ్మ కనిపిస్తేనే అనుమానం. దసరాకు చూపించేవాళ్ళు రంగు పని వానలకు ముందే, ఎండల్లోనే ముగించుకోవాలి. కుదరకపోతే గోడలు దులిపి, బూజు తీసి, అలాగే వదిలేయడం మేలు. జనవరికి గోడలు ఆరతాయి కాబట్టి సంక్రాంతికి రంగు వేయించినా భయం తక్కువ. బెంగళూరు, హైదరాబాదుల నుంచి పిల్లలు వచ్చి ఉంటారు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళూ తగులుతారు, ఇంటిల్లిపాదీ కలిసి చూడ్డానికి వస్తారు. జనవరిలో ఇల్లు చల్లగానూ ఉంటుంది. మే నెలలో ఆ మిద్దె గదిలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో అప్పుడు ఎవరికీ గుర్తురాదు. అమ్మేవాడిగా నాకది లాభమే, కొనేవాడినైతే మిద్దె ఎక్కి కప్పు మందం అడిగేవాణ్ణి.

ఇక సింగారం. దసరాకు అక్క హాల్లో బొమ్మల కొలువు పెట్టింది, తొమ్మిది మెట్లు. అమ్మ దాచిన కొండపల్లి బొమ్మలన్నీ బయటికి వచ్చాయి. గుమ్మాలకు బంతిపూల దండలు, పిట్టగోడకు రంగు బల్బులు, కిటికీలకు జరీ అంచు పరదాలు. ఇల్లు అమ్మ ఉన్నప్పటిలా కనిపించింది, అదే మా తప్పని అప్పుడు తోచలేదు. వచ్చినవాళ్ళంతా బొమ్మల ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు, వడలు తిన్నారు, అక్క పెట్టిన తాంబూలం తీసుకుని వెళ్ళారు. బోరు ఎన్ని అడుగులు, మున్సిపల్ నీళ్ళు ఎప్పుడొస్తాయి, మెట్ల కింద జాగా ఎంత అని ఒక్కరూ అడగలేదు. హాలు సగం కొలువుకే పోయింది, మిగతా సగం చూసి "చిన్నదే" అనుకుని ఉంటారు. కొనడానికి వచ్చినవాణ్ణి మేమే చుట్టాన్ని చేసేశాం. చుట్టమైనవాడు మన మొహం చూసి బేరం ఆడలేడు, బేరం ఆడకుండా ఇల్లు కొనడు.

ఖర్చు సంగతీ ఉంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి వందకు 7.5 రూపాయలు కొనేవాడే కట్టుకోవాలి. అంత లెక్క మనసులో పెట్టుకుని వచ్చినవాడు మన పూలదండలకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు.

సంక్రాంతికి హాలు ఖాళీగా ఉంచాం. నాలుగు కుర్చీలు, అంతే. పరదాలు తీసేశాం. ఉత్తరం వాకిలి ఇంటికి చలికాలంలో ముందు గదిలోకి ఎండ రాదు, దక్షిణం వైపు వంటింటి కిటికీ నుంచి మాత్రం లోపలిదాకా వస్తుంది. అందుకే హాల్లో పాత ట్యూబ్‌లైటు తీసి మంచి ఎల్ఈడీ పెట్టి, వచ్చినవాళ్ళను ముందు వంటింట్లోకి తీసుకెళ్ళాం. రంగు బల్బులు కట్టలేదు. పాత ఇంటికి వేలాడే వైర్లు కడితే అసలు వైరింగ్ మీదే అనుమానం వస్తుంది, టేపు పీకినప్పుడు డిస్టెంపర్ కూడా పెచ్చులుగా వస్తుంది. బండలకు సోడా, సబ్బుతో కడిగి, ఆరాక కొంచెం కొబ్బరినూనె పలచగా రుద్దించాం. కడప బండకు అంతకు మించిన నగ లేదు. నూనె ఎక్కువైతే కాలు జారుతుంది, దుమ్మూ పడుతుంది, గుడ్డతో గట్టిగా తుడిచెయ్యాలి.

ముగ్గు దగ్గర అక్కకూ నాకూ వాదన జరిగింది. సంక్రాంతి అంటే వాకిలి నిండా రంగుల ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మ పెట్టాల్సిందేనంది. పండగ ముందు రోజు అలాగే వేసింది కూడా. చూడ్డానికి వచ్చిన దంపతులు గేటు దగ్గరే ఆగిపోయారు, తొక్కితే ఎలా అని. చివరకు గోడ వారగా ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చారు. మర్నాడు నేను చెప్పకుండానే అక్క తెల్ల పిండితో ఒక పక్కకు చిన్న మెలికల ముగ్గు వేసి, నడిచే దారి వదిలింది. నల్ల బండ మీద తెల్ల ముగ్గు, రంగులు అవసరమే లేదు. పైగా ఆ రంగు పొడులు తడి తగిలితే బండలోకి దిగి మరక పడతాయి. ప్రమిదల కింద పళ్ళెం పెట్టాలి, లేకపోతే నూనె మరకా పోదు.

పూజ గదిలోనూ పటాలన్నీ అక్క తన ఇంటికి తీసుకెళ్ళి, ఒక్క దీపం మాత్రం ఉంచింది. కడపలో కొనడానికి వచ్చేవాళ్ళంతా ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్ళు కారు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కే ఊరిది, గడపకు పసుపు చూసి వెనక్కి పోయేవాళ్ళు తక్కువే. కానీ గోడ నిండా పటాలుంటే ఆ గది తమకు ఎలా పనికొస్తుందో ఊహించుకోవడం కష్టం.

పసుపు గడప, గుమ్మానికి మామిడాకుల తోరణం, ముగ్గు. మిగిలినవి ఈ మూడే. ప్లాస్టిక్ తోరణం ఏడాదంతా ఉంటుంది, ఆ ఏడాది దుమ్మంతా దాని మీద ఉంటుంది. పచ్చి ఆకు రెండు మూడు రోజులకే ఎండుతుంది, రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఎండిన తోరణం వేలాడే ఇంటికి, తోరణమే లేని ఇల్లు నయం.

మాఘంలో అడ్వాన్సు ఇచ్చింది కువైట్‌లో పనిచేసే ఒకాయన. ఇల్లు చూసిన రోజు ఆయన మిద్దె, బోరు, డాక్యుమెంట్లు అడుగుతుంటే, వాళ్ళమ్మ గుమ్మం దగ్గరే నిలబడి తోరణం ఆకును వేళ్ళతో నలిపి వాసన చూసింది.

"ఇది మార్కెట్లో కొన్న ఆకు కాదే, ఎక్కడిది నాయనా?"

"పెరట్లోదే అమ్మా. బేనీషా."

ఆమె కొడుకు కోసం ఆగకుండా, అక్కను వెంటబెట్టుకుని పెరట్లోకి నడిచింది. చెట్టు పూత మీద ఉంది.