గవర్నర్‌పేటలో విమాన పరికరాల కోచింగ్: ఆరు వారాలు వెళ్లొచ్చాక

మాది గుంటూరు అరండల్‌పేట. ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు) పరీక్షలో ఇన్‌స్ట్రుమెంట్స్ దగ్గరే రెండుసార్లు పోయింది. అందుకే సెలవుల్లో రోజూ రైలెక్కి విజయవాడలో ఈ కోచింగ్‌కి వెళ్లాను. డబ్బులు వృథా కాలేదు.

మాస్టారు వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యారు. మొదటి రోజే బల్ల మీద విమాన వేగం చూపించే పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ పెట్టి, రబ్బరు గొట్టంతో సిరంజి తగిలించి, మెల్లగా నొక్కమన్నారు. ముల్లు వణికి, 80 నాట్ల దాకా లేచింది. "నోటితో మాత్రం ఊదకు నాన్నా, లోపలి క్యాప్సూల్ పాడవుతుంది" అన్నారు. క్యాప్సూల్ అంటే గాలి ఒత్తిడికి ఉబ్బే పల్చటి లోహపు డబ్బీ. పుస్తకంలో పది సార్లు చదివినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది.

స్టాటిక్ పోర్టుల (బయటి గాలి ఒత్తిడిని పరికరాలకు అందించే చిన్న రంధ్రాలు) పాఠం అయితే మర్చిపోలేను. 1996లో పెరూలో విమానం కడిగినప్పుడు వాటికి అంటించిన టేపు తీయలేదు. గాల్లోకి లేచాక ఎత్తు, వేగం తప్పు చూపించాయి, హెచ్చరికలు ఒకదానికొకటి పొంతన లేకుండా మోగాయి. 70 మంది చనిపోయారు. ఆ రోజు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు టేపు ముక్క చేతిలో ఉంటే లెక్క చూసుకోకుండా ఉండలేను.

బ్లాక్ బాక్స్ నారింజ రంగులో ఉంటుందని, నీళ్లలో పడితే దాని బీకన్ (జాడ తెలిపే పరికరం) 37.5 కిలోహెర్ట్జ్‌లో శబ్దం పంపుతుందని ఫొటోలతోనే చెప్పారు. పాతదొకటి తెప్పిస్తే బాగుండేది. జిరాక్స్ నోట్సు కూడా సరిగా కనబడదు, సొంతంగా రాసుకోండి. సాయంత్రం బ్యాచ్‌లో జనం తక్కువ, సిరంజి మీ చేతికి త్వరగా వస్తుంది.